సొంత వేలు

చచ్చినవాళ్ళు బ్లాగులు రాయరు. ఈ ముక్క మేంగ్ సొంజుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళు ఇంచియాన్ నగర పోలీసుల్లో పనిచేసి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. అయినా సరే, ఆ మంగళవారం పొద్దున ఆరూ నలభైకి ఫోను టింగుమని, "కొత్త పోస్టు" అని తెర మీద కనపడేసరికి ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

రాసేది ప్యో నారే. ముప్ఫై ఐదేళ్ళ పిల్ల. జనం వదిలేసి పోయిన ఇళ్ళని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగి, ఫోటోలు తీసి, పదకొండేళ్ళుగా ఆ బ్లాగు మీదే బతుకుతోంది. పోయిన నెల పన్నెండున, మంగళవారం, కనపడకుండా పోయింది. ఇవాళ్టికి సరిగ్గా మూడు వారాలు. ఫోను ఎత్తదు, ఇంటికి రాదు, ఎవరికీ ఎదురుపడలేదు. బ్లాగు మాత్రం ఒక్క పూటా తప్పలేదు. రోజూ ఆరూ నలభైకి ఒక పాడుబడిన ఇల్లు, కింద నాలుగు ముక్కలు.

ఇవాళ్టి ముక్కలు ఇవి: "ఎవరూ లేరనుకుని అందరూ వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళ గొంతు గోడ దాటదు." కింద మూసిన తలుపు ఫోటో. తలుపు కింద మోకాళ్ళ నొప్పులకి అంటించుకునే పట్టీల ప్రకటన.

చదివేవాళ్ళు ఊరుకుంటారా? "ఈమె ఎప్పుడో పోయింది, రాసేది దయ్యం" అని ఒకడు అన్నాడు. ఆ ఒక్క మాటతో బ్లాగుకి వచ్చే జనం నాలుగింతలైంది. బతికున్నప్పుడు రాని కీర్తి చచ్చాక వస్తుందంటారు. చచ్చిందో లేదో తేలకుండానే వస్తే ఏమనాలో సొంజుకి తెలియలేదు.

మూడు రోజుల క్రితం నారే అక్క హేరాన్ వచ్చింది. బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం ఆమెది. పూనకం వచ్చి సోది చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్ళిందట. నీ చెల్లెలు అటూ ఇటూ కాకుండా మధ్యలో ఇరుక్కుంది, పోయినవాళ్ళ ఆత్మ తిరిగేది నలభై తొమ్మిది రోజులే, ఆ లోపల సాగనంపమని ఆవిడ చెప్పిందట. అది విన్న దగ్గర్నించీ హేరాన్‌కి నిద్ర లేదు.

"వెతికి తెమ్మని అడగను అక్కా," అంది హేరాన్. "ఉందా, పోయిందా, ఒక్క మాట చెప్పండి చాలు. పోయిందంటే కర్మ చేసుకుంటాను. ఇలా రోజూ పొద్దున్నే దాని మాటలు చదవడం నావల్ల కావడం లేదు."

సొంజుకి ఆ ఒక్క మాట చెప్పడం చేతకాలేదు. అందుకే నిద్ర ఆమెకీ పట్టడం లేదు.

పది గంటలకి సొంజు సోక్ మూయోంగ్ ఆఫీసులో కూర్చుంది. "బ్లాగు ప్రకటనల మీద రాబడి రెట్టింపు చేసుకోవడం ఎలా" అని నారేతో కలిసి క్లాసులు చెప్పే మనిషి. బుర్ర నారేది, నోరు ఇతనిది. రాబడిలో ఇద్దరికీ వాటా ఉంది. అనుమానితుల జాబితాలో మొదటి పేరు ఇతనిదే అని సొంజు అనుకుంది. తీరా చూస్తే అతను కొంప మునిగినవాడిలా ఉన్నాడు.

పన్నెండో తారీకు సాయంత్రం ఎక్కడున్నావని అడిగితే హాజరు పట్టీ ముందు పడేశాడు. నాలుగు నుంచి ఏడు దాకా క్లాసు, ముప్ఫై ఒక్క మంది సంతకాలు. ఆ తర్వాత అందరూ కలిసి పంది మాంసం కాల్చుకు తిన్న హోటలు బిల్లు. అతని మీద మచ్చ దొరకలేదు. మరెందుకు అలా ఉన్నావంటే, కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు.

ప్రకటనలిచ్చే కంపెనీ నుంచి పొద్దున ఎనిమిదింటికి ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఖాతా మూసేస్తున్నారు. కారణం, బ్లాగు తాలూకు మనిషే తన ప్రకటనల మీద తను నొక్కుకుంటోంది. మూడు వారాలుగా, రోజుకి నలభై యాభై సార్లు.

"గిట్టనివాళ్ళ పనేమో?" అంది సొంజు.

గిట్టనివాళ్ళు చేసే పని అతనికి తెలుసు. వాళ్ళు పది ఫోన్లు మారుస్తారు, పది చోట్ల నించి నొక్కుతారు, దొరక్కుండా చూసుకుంటారు. ఇది అలా లేదు. ఆరూ నలభైకి పోస్టు పెట్టిన ఫోనే ఆరూ నలభై ఒకటి నించి ప్రకటన మీద పొడుస్తోంది. దాపరికమే లేదు.

సోక్ తల పట్టుకున్నాడు. నారే ఎలాంటి మనిషో చెప్పాడు. ప్రకటన ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదట. మూసిన తలుపు చూసిన చోట చదివేవాడి బొటనవేలు ఆగుతుంది, ప్రకటన అక్కడే పెట్టాలి అని కనిపెట్టింది ఆమే. అదే జనంతో రాబడి ఒకటిన్నర రెట్లు చేసింది. అలాంటిది ఒకసారి క్లాసులో ఒకావిడ, పనిచేస్తోందో లేదో చూద్దామని తన ప్రకటన తనే ఒక్కసారి నొక్కి చూసుకుందట. నారే ఫీజు తిరిగి ఇచ్చేసి ఆవిణ్ణి బయటికి పంపేసింది.

"మొదటి క్లాసులో మొదటి మాటే అది మేడమ్," అన్నాడు సోక్. "పస్తులైనా ఉండండి, సొంత ప్రకటన మీద సొంత వేలు పెట్టకండి అని. ఆ నోటితో చెప్పి ఈ చేత్తో నొక్కింది. పిచ్చన్నా ఎక్కి ఉండాలి, నా మీద కక్షన్నా ఉండాలి."

సొంజు ఆ మాట రాసుకుంది. కింద గీత కూడా గీసుకుంది.

ఒంటిగంటా నలభైకి నారే ఉండే గదికి వెళ్ళింది. పద్నాలుగు అంతస్తుల భవనంలో పదకొండో అంతస్తు, 1104. హేరాన్ అక్కడే ఉంది. చెల్లెలు కనపడకుండా పోయినప్పట్నించీ రాత్రిళ్ళు ఇక్కడే పడుకుంటోందట. వెనకాలే భవనం చూసుకునే గిల్ బొక్‌మాన్ కాగితం కప్పుల్లో కాఫీ కలుపుకుని పళ్ళెంలో పెట్టుకొచ్చాడు. అరవై దాటిన మనిషి, మెత్తటి మాట. హేరాన్‌ని "అమ్మాయ్" అంటాడు, ఆమె అతన్ని "బాబాయ్" అంటుంది. ఈ మూడు వారాలూ ఆ పిల్లని అన్నం తిన్నావా అని అడిగిన దిక్కు ఇతనొక్కడే.

ఫ్రిజ్ తలుపు మీద నారే చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. పెట్టిన పోస్టు మళ్ళీ ముట్టుకోకు. ఒక్క వారం ఆపితే నెట్‌లో ఎవరు వెతికినా కనపడకుండా అడుక్కి మునిగిపోతావు. సొంత వేలు వద్దు. ఆ చివరి మాట మీద ఎర్ర సిరా రెండుసార్లు తిరిగింది. బీరువాలో బట్టలు సర్దినట్టే ఉన్నాయి. ఊళ్ళకి తీసుకెళ్ళే నీలం పెట్టె లేదు. పళ్ళు తోముకునే బ్రష్ ఉంది. దగ్గు మందు సీసా సగం ఉంది.

సీసా ఎత్తి చూస్తుంటే హేరాన్ గొంతు తగ్గించింది. నారేకి చిన్నప్పట్నించీ దుమ్ము పడదట. తెల్లవారుజామున ఈ స్నానాల గదిలో దగ్గు వినిపిస్తోందట. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు. చెల్లెలి దగ్గే. లోపలికెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. భయపడి అగరొత్తులు వెలిగించి, "వెళ్ళిపోవే తల్లీ, నన్ను చూసి బెంగపడకు" అని చెప్పిందట. ఆ మాట చెప్పిన పొద్దున దగ్గు చాలాసేపు ఆగలేదట. చెప్తూ చెప్తూ హేరాన్ ఏడ్చేసింది.

సొంజు స్నానాల గదిలోకి వెళ్ళింది. తొట్టి, అద్దం, పైకప్పులో గాలి పోయే జాలీ. అంచు మీద అగరొత్తుల బూడిద. తొట్టి అంచెక్కి జాలీ దగ్గర ముక్కు పెట్టింది. ఉడికించిన నూడుల్స్ వాసన, అప్పుడే దింపినంత ఘాటుగా వచ్చింది.

పైన ఎవరుంటారని అడిగింది. గిల్ తల అడ్డంగా ఊపాడు. 1204 కోర్టు వేలంలో పడిందట, ఏడాదిగా తాళం. వాసన కింది వాళ్ళదై ఉంటుంది, పొగైనా వాసనైనా పైకేగా పోయేది అన్నాడు. మాట సబబుగానే ఉంది. సొంజు దిగింది.

రెండూ పదికి తాక్ గ్యుచొల్ వచ్చాడు. ఈ ప్రాంతం నేర విభాగానికి ఇప్పుడు అతనే పెద్ద. పదిహేనేళ్ళ క్రితం సొంజు చేతి కింద పని నేర్చుకున్నవాడు. ఆమె ఉద్యోగం వదిలేశాక ఆ కుర్చీ ఎక్కినవాడు. సోక్‌కి వచ్చిన ఉత్తరం ఆమె పన్నెండింటికే అతనికి పంపింది. చదివాడో లేదో గానీ, వస్తూనే మొదలుపెట్టాడు.

"ఏంటక్కా ఇది. ఉద్యోగం మానేశాక కీళ్ళకి నూనె రాసుకుంటావనుకున్నాను. దయ్యాల వెంట పడ్డావా?"

"నా కీళ్ళు బాగానే ఉన్నాయి గానీ, నీ కాళ్ళే మూడు వారాలుగా స్టేషను దాటినట్టు లేవు."

తాక్ నవ్వలేదు. వేళ్ళు మడిచాడు. పన్నెండో తారీకు సాయంత్రం ఐదూ యాభై రెండుకి నారే నీలం పెట్టెతో కింద హాలు దాటి బయటికెళ్ళినట్టు కెమెరాలో ఉంది. ఆమె కార్డుతో ఐదుసార్లు మిషన్లలో డబ్బు తీశారు. రోజూ బ్లాగు రాస్తోంది. వయసొచ్చిన పిల్ల తన ఇష్టంతో ఇల్లు విడిచి వెళ్తే పోలీసులకి పనేముంది?

"ఆ ఉత్తరం చదివావా?" అంది సొంజు.

"చదివాను. డబ్బు మీద ఆశ ఎక్కువై నొక్కుకుంది. అంతేగా."

"అంతే కాదు తాక్. ఆ పని చేస్తే మూడు వారాల్లో దొరికిపోతానని ఈ దేశంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆమె. దాక్కోకుండా చేసింది. దొరకాలనే చేసింది." ఫ్రిజ్ మీది కాగితం వైపు చూపించింది. "తన ఇంటికి తనే నిప్పు పెట్టుకునేది ఎవరు? బయట గొళ్ళెం పడినవాళ్ళు. పొగ చూసైనా ఎవరన్నా వస్తారని."

హేరాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడు వారాల్లో మొదటిసారి ఒక మనిషి ఆమె చెల్లెలి గురించి బతికున్నట్టు మాట్లాడింది.

తాక్‌కి చిర్రెత్తింది. పాత గురువు నలుగురి ముందూ పాఠం చెప్తే ఎవరికైనా ఎత్తుతుంది. గొంతు పెంచాడు. "సరే, నీ మాటే నిజమనుకుందాం. ఇంకో ముప్పావు గంటలో ఖాతా మూతపడుతుంది. ఇక ఒక్క వాన్ డబ్బు కూడా రాదు. వచ్చింది కూడా వెనక్కి లాక్కుంటారు. చేతిలో డబ్బయిపోతే అదే ఇంటికొస్తుంది, చూస్తూ ఉండు."

"అదేంటి సార్," అన్నాడు గిల్, చెప్పులు విడిచే చోట పళ్ళెం పట్టుకుని నిలబడి. "ఎన్ని నొక్కితే అంత డబ్బు కదా?"

తాక్ ఇప్పుడు నవ్వాడు. "మీరూ మొదలెట్టారా బాబాయ్? ఊళ్ళోవాళ్ళు నొక్కితే డబ్బు. మనం నొక్కుకుంటే దొంగతనం."

గిల్ తల ఊపాడు. లిఫ్టు బాగుచేసేవాళ్ళు వస్తారని గుర్తొచ్చిందంటూ తలుపు మెల్లిగా దగ్గరికి వేసి వెళ్ళాడు. అప్పుడు టైము రెండూ ఇరవై నాలుగు. అతని ముందు అంతసేపు మాట్లాడడమే తప్పని సొంజుకి అప్పటికి తట్టలేదు. ఈ తప్పుకి ఆమె ఆ తర్వాత తనని తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

కెమెరా బొమ్మ చూపించమంది. తాక్ విసుగ్గా ఫోను ఇచ్చాడు. కింద హాలు, పైన మూలలో తారీకు, టైము. టోపీ, ముఖానికి మాస్కు, నీలం పెట్టె. నడక నారేదేనని హేరాన్ వెంటనే గుర్తుపట్టింది. పదకొండు సెకన్ల ముక్క. సొంజు మూడుసార్లు చూసింది. ఏమీ దొరకలేదు. నాలుగోసారి చూస్తుంటే భుజం మీంచి హేరాన్ అంది.

"పన్నెండు గురువారమా?"

"మంగళవారం," అన్నాడు తాక్.

"మరి సంచులేంటి?"

చెల్లెలి వెనక గోడ వారన వేలాడుతున్న పెద్ద సంచులు. ప్లాస్టిక్ ఒకటి, సీసాలొకటి, డబ్బాలొకటి, కాగితాలొకటి. ఈ భవనంలో చెత్త వేరుచేసి పడేసేది గురువారం సాయంత్రం ఒక్కటే. మిగతా రోజుల్లో ఒక్క సీసా కింద పెట్టినా గిల్ బాబాయ్ మైకులో గది నెంబరు చదివి పరువు తీసేస్తాడని హేరాన్ చెప్పింది. ఆమె మొన్న ఆదివారం అలాగే తిట్లు తింది.

తాక్ ఫోను లాక్కుని మళ్ళీ చూశాడు. ప్రతి వారం పెళ్ళాం చేతికిచ్చిన సంచులు మోసేవాడే అతనూ. ఈ దేశంలో పుట్టిన ఏ మనిషీ ఆ రోజు మర్చిపోడు. ఎదురుగా ఉన్నా తను చూడలేదు.

"ఈ ముక్క నీకు ఎవరిచ్చారు?" అంది సొంజు.

"గిల్. అసలుది పదిహేను రోజులకి చెరిగిపోతుందని చెప్పాడు. తారీకు మార్చి, ఏదో పాత గురువారం ముక్క..." తాక్ మాట మధ్యలో ఆగిపోయాడు.

సొంజుకి అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నూడుల్స్ వాసన కిందనించి వచ్చేదైతే ఆ గొట్టంలో పలచబడి వచ్చేది. ఇది నెత్తి మీది గదిలో ఉడికినంత ఘాటుగా ఉంది. దగ్గు దయ్యానిది కాదు, తాళం పడిన 1204లో ఉన్న నారేది. అరవకపోవడానికి కారణం కూడా తెలిసింది. కింద గదిలో అక్క పడుకుందని, నోరెత్తితే ఆమెకే ముప్పని గిల్ చెప్పి ఉంటాడు. ఎన్ని నొక్కితే అంత డబ్బు. ఆ మిడిమిడి జ్ఞానం గిల్‌కి ఎక్కడిదో కూడా ఇప్పుడు అర్థమైంది. నారే నేర్పింది. వారం ఆపితే బ్లాగు మునిగిపోతుందని చెప్పి తన ప్రాణం నిలబెట్టుకుంది. నొక్కేకొద్దీ రాబడి పెరుగుతుందని చెప్పి, రోజూ అతని వేలితోనే తన ఇంటికి నిప్పు పెట్టించింది. మూడు వారాలు కష్టపడి లేపిన ఆ పొగని, ఇప్పుడు ఈ గుమ్మంలో తనూ తాకూ పోట్లాడుకుంటూ పట్టుకెళ్ళి అతనికే చూపించారు.

రాబడి లేని మనిషితో అతనికి ఇక పనేముంది?

సొంజు తలుపు దాకా వెళ్ళేలోపు మూడు ఫోన్లూ ఒక్కసారి మోగాయి. కొత్త పోస్టు. ఆరూ నలభై కాదు, రెండూ ముప్ఫై మూడు. ఈసారి ఇల్లు లేదు, తలుపు లేదు. హేరాన్ పైకి చదివింది.

"అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. చేసిన తప్పుకి సిగ్గుగా ఉంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అక్కా, నన్ను వెతకొద్దు."

చదవడం పూర్తయ్యేసరికి స్నానాల గది పైకప్పులోంచి చప్పుడు మొదలైంది. పైన ఎవరో తొట్టిలోకి కుళాయి పూర్తిగా తిప్పారు.

తాక్ అప్పటికే మెట్ల వైపు పరిగెత్తాడు. సొంజు గోడకున్న నిప్పులార్పే ఎర్ర సిలిండర్ పెరుక్కుని వెనకాలే వెళ్ళింది. హేరాన్ రాలేదు. తొట్టి అంచెక్కి, జాలీకి నోరానించి, వెళ్ళిపొమ్మని తను బతిమాలిన ఆ చెల్లెలి పేరునే గొంతు చించుకుని పిలిచింది. పైనించి ఒక్కటే మాట వచ్చింది. "అక్కా."

1204 తలుపు ఇనుముది. సిలిండరుతో తాళం మీద సొంజు ఒక దెబ్బ వేసింది, తాక్ లాక్కుని ఇంకో రెండు వేశాడు. రేకు సొట్టపోయింది గానీ తాళం ఊడలేదు. లోపల్నించి మనిషి అలికిడి లేదు, నీళ్ళ హోరు తప్ప. తాక్ నాలుగో దెబ్బకి సిలిండరు పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే కింద అంతస్తు నించి హేరాన్ గొంతు మెట్ల మీదుగా పైకి వచ్చింది.

"అక్కా, నీళ్ళు ఆగిపోయాయి."